పనివాని తృప్తి - సంస్థ ప్రగతి

పనివారి సౌఖ్యానికై చేసే ఖర్చు సంస్థకు నష్టమని కొందరి అభిప్రాయం. మేము దానితో ఏకీభవించలేము.

అమెరికాలోని ఫోర్డు మోటారు కర్మాగారంలో 1913లో సుమారు 14,000 మంది పనివారిని నిలుపుకొనడానికి ఆ ఒక్క ఏడాదిలోనే 52,000 మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. రోజంతా ఒకే పని చేయలేక వచ్చినవారు వచ్చినట్లే వెళ్ళిపోయేవారు. కొత్తవారికి పని నేర్పే ఖర్చు, పాడయ్యే సరుకు, జరిగే ఆలస్యం జీతాల పద్దులో కానరావు. 1914 జనవరిలో యాజమాన్యం పనివేళను 9 గంటల నుండి 8కి తగ్గించి, అర్హులకు 5 డాలర్ల దినవేతనం ప్రకటించింది. అంతకుముందు కనీస వేతనం 2.34 డాలర్లే. మానుకొనేవారి సంఖ్య శీఘ్రంగా పడిపోయింది, ఉత్పత్తి పెరిగింది.

అయితే ఆ అర్హత తేల్చడానికి తనిఖీదారులు పనివారి ఇండ్లకే వెళ్ళేవారు. గౌరవం లేని సౌఖ్యం అసంపూర్ణమని మా భావన.

విద్యాసంస్థలకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. తాత్కాలిక అధ్యాపకుడు సంవత్సరం మధ్యలో వెళ్ళిపోతే మిగిలేది కొద్దిపాటి జీతం. ఆగిపోయేది విద్యార్థి పాఠం. ఆ నష్టాన్ని ఏ పద్దులో వ్రాయాలి? కమిటీ పెద్దలు ఆలోచించవలసిందిగా మా మనవి.