నడిచి తెలుసుకొనే చరిత్ర

కొచ్చిలోని యూదుల వీధిలో 1568లో నిర్మించిన ప్రార్థనా మందిరం ఉంది. అక్కడి యూదులలో అత్యధికులు ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. అయినా మార్గదర్శకుల వెంట నడిచే సందర్శకుల వల్ల వారి కథ నేటికీ వినబడుతోంది. హైదరాబాదులోనూ చార్మినార్ పరిసరాలలో ఇటువంటి వారసత్వ నడకలు సాగుతున్నాయి. అమీర్‌పేట, పంజగుట్టలకు మాత్రం శిక్షణ కోసమో, కొనుగోళ్ల కోసమో తప్ప చరిత్ర కోసం వచ్చేవారు అరుదు.

పంజగుట్ట దాటగానే గుట్టమీద నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్ కనిపిస్తుంది. 'ఇరం' అంటే పారసీకంలో స్వర్గవనం. తెలుగువారి నోట అది 'ఎర్రమంజిల్' అయింది. ఒక్క పేరులో రెండు భాషలు చెలిమి చేశాయి. 2019లో కొత్త శాసనసభా భవనం కోసం ఈ మేడను కూల్చాలని ప్రభుత్వం నిర్ణయించగా, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. న్యాయస్థానం కూల్చివేతను ఆపగలదు; మరపును ఆపలేదు.

నేడు ఆ పేరుతో మెట్రో స్టేషను ఉంది. అక్కడ దిగేవారిలో ఎందరు ఆ మేడ కథను ఎరుగుదురు? చుట్టుపక్కల కళాశాలలు నెలకొక ఆదివారం నడకను ఏర్పాటు చేయాలి. విద్యార్థులే మార్గదర్శకులు కావాలి. మనకు తెలియని మేడ కూలితే మనకు దుఃఖం కలగదు. తెలిసిన మేడను కూలనివ్వం.