ఇల్లు కొన్నాక పిలుద్దాంలే!

ఆగస్టు దగ్గరపడిందంటే అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా మెసేజీలు మొదలవుతాయి. "మా అక్కయ్య కొడుకు వచ్చే బుధవారం దిగుతున్నాడు. అపార్టుమెంటు చేతికి రావడానికి ఇంకా వారం ఉంది. నాలుగు రోజులు ఎవరైనా ఉంచుకోగలరా?" ఎఫ్-1 వీసా మీద వచ్చే కొత్త విద్యార్థిని చదువు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు. అద్దె ఇంటి తాళాలు మాత్రం లీజు మొదలయ్యే రోజునే చేతికొస్తాయి. ఈ రెండింటి నడుమ ఆ కుర్రాడికి కావలసింది ఓ పక్క, వేళకింత అన్నం, బ్యాంకు దాకా తీసుకెళ్లే మనిషి.

ఆ మెసేజీకి తరచుగా ముందు పలికేది నిరుడే వచ్చిన విద్యార్థులు. రెండు బెడ్‌రూముల అపార్టుమెంటులో నలుగురు సర్దుకుంటున్నా, హాల్లో ఇంకో పరుపు పరిచి, రైస్ కుక్కర్లో మరో గ్లాసు బియ్యం పోసేస్తారు. అయిదు పడకగదుల ఇళ్ల నుంచి జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. మనసు లేక కాదు. శనివారం పిల్లల కూచిపూడి క్లాసు, ఆదివారం మరెవరిదో పుట్టినరోజు, పైగా ఇల్లు సర్ది ఉండదు. పదిహేనేళ్ల కిందట వాళ్లూ హాల్లో పరుపు పరిచినవాళ్లే. అద్దెకున్నప్పుడు "ఇల్లు కొన్నాక పిలుద్దాంలే", కొన్నాక "పిల్లలు కాస్త పెద్దవనీ", పిల్లలు కాలేజీకి వెళ్లాక "రిటైరయ్యాక తీరుబడిగా". ఆతిథ్యం ఇలా ఒక దశ నుంచి ఇంకో దశకు వాయిదా పడుతూ వస్తోంది.

ధర్మశాస్త్రాలు అతిథి సత్కారాన్ని గృహస్థు పద్దులో రాశాయి. బ్రహ్మచారి, సన్న్యాసి భిక్ష అడిగేవాళ్లు, పెట్టవలసినవాడు సంసారి. తైత్తిరీయోపనిషత్తులో అతిథిని దైవంగా చూడమన్న మాట వచ్చేది కూడా చదువు ముగించి గురుకులం వదిలే శిష్యుడికి ఆచార్యుడు చెప్పే బుద్ధుల్లోనే. కానీ తెలుగు నేల మీద అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న వాళ్ల జీవితాలు చూస్తే, ఆ పని పెళ్లితో మొదలై వయసు ఉడగగానే ఆగిపోయినట్టు కనబడదు.

డొక్కా సీతమ్మ గారినే తీసుకోండి. 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం గారు వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టడంతో ఊరు ఆయన్ని "బువ్వన్న" అని పిలిచేదట. సీతమ్మకు వడ్డన పుట్టింట్లో, చిన్నతనంలోనే అలవడింది. లంకల గన్నవరానికి చెందిన జోగన్న గారు ఆకలివేళ ఆ ఇంటికి వచ్చి, అక్కడి ఆదరణ చూశాకే పిల్లనడిగారని కోనసీమలో చెప్పుకుంటారు. అత్తవారి ఊరు గోదావరి పాయల నడుమ ఉంది. వంతెనలు లేని ఆ రోజుల్లో పడవ దాటి వచ్చే బాటసారులు వేళకాని వేళ ఊరు చేరేవారు. వాళ్ల కోసం ఆ ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన ఆమె, దారిలో ఆకలితో వస్తున్న ఓ పెళ్లిబృందం "ఇంకాసేపట్లో సీతమ్మ గారిల్లు" అనుకోవడం విని, పల్లకీ వెనక్కి తిప్పించి వంటకు దిగారన్న కథ కూడా ప్రసిద్ధమే. 1909లో పోయేదాకా ఆమె తీరు మారలేదు. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరుంది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమూ ఆమె పేరుతోనే నడుస్తోంది.

పెట్టడం ఒక ఎత్తయితే, పెట్టించుకు తినడం ఇంకో ఎత్తు. టంగుటూరి ప్రకాశం పంతులు చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ రాబడి చాలక ప్రకాశం గారు వారాలు చేసుకుని చదువుకున్నారు. అంటే వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి బాల్యం అది. ఊళ్లో పదిమంది ఆదరణ ఎంత విలువైందో, పరాయి పంచలో ఆకు ముందు కూర్చోవడం ఎంత బిడియమో, ఇలా చదువుకున్న పిల్లలకు రెండూ తెలుసు. అయితే వారాల పద్ధతి ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే దక్కింది. సత్రాల్లోనూ కులాన్ని బట్టి పంక్తులు వేరుగా ఉండేవి. పాత ఆతిథ్యాన్ని తలుచుకునేటప్పుడు ఈ మాట దాటవేయకూడదు. ఇతర కులాల పిల్లలకు తలుపు తెరిచింది చాలావరకు వసతిగృహాలే. జిల్లాల నుంచి హైదరాబాదుకు చదువు కోసం వచ్చే పిల్లల కోసం రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. ఇవాళ అమెరికాలో విమానాశ్రయానికి కార్లు పంపే విద్యార్థి సంఘాలు చేసేదీ అలాంటి పనే.

ఇక మలివయసు. తరిగొండ వెంగమాంబ (1730–1817) బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, తర్వాత తిరుమల చేరి అక్కడే స్థిరపడ్డ కవయిత్రి. సంసారం లేదు. అయినా నృసింహ జయంతి రోజుల్లో కొండకు వచ్చే యాత్రికులకు అన్నం పెట్టించారు. తిరుమల దేవస్థానం 1985లో నిత్యాన్నదానం ప్రారంభించింది. రోజూ వేలమంది బంతిలో కూర్చునే ఇప్పటి అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టుకుంది.

ప్రవాసంలో ఈ వరుస రెండు చోట్ల తెగుతోంది: పిల్లల దగ్గర, పెద్దల దగ్గర. ఊళ్లో చుట్టాలొస్తే పిల్లలకు ఊపిరాడేది కాదు. కాళ్లకు నీళ్లివ్వాలి, పక్కింటికి పరుగెత్తి గిన్నెడు పెరుగు తేవాలి, మంచాలు వాల్చాలి. ఇక్కడ "అంకుల్‌కి నమస్తే చెప్పు" అనగానే వాళ్ల పాత్ర ముగుస్తుంది. పిజ్జా పెట్టెతో బేస్‌మెంటుకు దిగిపోతారు. ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చిన తల్లిదండ్రుల పరిస్థితి ఇంకో రకం. నలభై ఏళ్లు ఇల్లు నడిపి, వచ్చేపోయే వాళ్లను చూసుకున్న దంపతులు కొడుకింట్లో తామే చుట్టాలై సోఫాలో కూర్చుంటారు. స్టవ్ ఎలా వెలిగించాలో తెలియదు, కారు నడపలేరు, ఎవర్నైనా పిలవాలంటే కోడలి క్యాలెండరు చూడాలి. నాలుగు వీధుల అవతలే ఇంకో తెలుగింట్లో ఇంకో పెద్దాయన అలాగే కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు.

వండివార్చే భారం సంగతీ ఉంది. మగవాళ్ల మాట చొప్పున వచ్చిన చుట్టాలకు వంటింట్లో ఆడవాళ్లు చెమటోడ్చడమే చాలా ఇళ్లలో ఆతిథ్యంగా చెల్లుబాటైంది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఆ పద్ధతి మళ్లీ రావాలని కోరడం అన్యాయం. పదహారు రకాల ట్రేలు తెప్పించాల్సిన పనీ లేదు. కందిపచ్చడి, చారు, అప్పడం, గడ్డపెరుగు ఉంటే ఇంటి నుంచి దూరంగా ఉన్న పిల్లవాడు మారు వడ్డించుకుంటాడు. బియ్యం ఎవరు కడిగారు, గిన్నెలు ఎవరు తోమారు అన్న లెక్కలో మగవాళ్లూ పిల్లలూ సమానంగా ఉంటే చాలు.

తెలుగు సంఘాలు దసరాకో సంక్రాంతికో హాలు అద్దెకు తీసుకుని వందలమందికి భోజనాలు పెడుతూనే ఉన్నాయి. ఆ శ్రద్ధలో కొంత ఇళ్ల వైపు మళ్లాలి. కొత్త విద్యార్థుల జాబితా తయారయ్యేటప్పుడే, ఒక్కొక్కరికీ మొదటి వారం భోజనానికి పిలిచే ఇంటి పేరు పక్కన రాసి ఉంచవచ్చు. విమానాశ్రయానికి వెళ్లే కారులో హైస్కూలు పిల్లల్నీ కూర్చోబెట్టవచ్చు. నెలకో శనివారం మధ్యాహ్నం ఒక ఇంట్లో, అక్కడికి వచ్చి ఉన్న అమ్మమ్మ, తాతయ్యల పేరు మీదనే టీ, పకోడీలకు చుట్టుపక్కల పెద్దల్ని పిలవవచ్చు. రాను పోను కార్ల బాధ్యత సంఘం యువజన విభాగం తీసుకోవచ్చు. ఈ ఏడు దిగబోయే పిల్లల పేర్లు జులై కల్లా సంఘానికి అందుతాయి. తమ ఇల్లు ఇంకా సర్దుకోలేదనుకునే వాళ్లు కూడా ఆలోపే పేరు ఇవ్వవచ్చు.