గాలిలో కలిసిన ఎరువు

థామస్ హేగర్ రచించిన 'ది ఆల్కెమీ ఆఫ్ ఎయిర్' (2008) నత్రజని కథ. గాలిలో 78 శాతం నత్రజనే అయినా, దాని పరమాణువులు జంటగా గట్టి బంధంలో ఉన్నందున పైరుకు నేరుగా అందదు. ఆ బంధాన్ని విప్పి అమోనియా తయారుచేసే పద్ధతిని ఫ్రిట్జ్ హాబర్ 1909లో నిరూపించాడు. కార్ల్ బాష్ 1913లో దానిని ఒప్పావు కర్మాగారానికి చేర్చాడు. ఆ అమోనియా కోట్లమందికి అన్నం పెట్టింది. యుద్ధంలో పేలుడు పదార్థమూ అయింది. ఈ రెండు ముఖాలనూ హేగర్ నవలలా చదివిస్తాడు. వైద్యుడిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మూడవ ముఖం: విడుదలైన నత్రజని తిరిగి గాలిలో చేరి చేసే పని.

డీజిల్ ఇంజను వేడిలో నత్రజని, ప్రాణవాయువు కలిసి నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. బయట అది ఓజోనుతో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అందులో కొంత నత్రికామ్లమవుతుంది. పొలాల ఎరువు నుంచి, పశువుల పేడ, మూత్రం నుంచి లేచిన అమోనియా ఆ ఆమ్లంతో కలిస్తే అమోనియం నైట్రేట్ ఏర్పడుతుంది. రెండు వాయువులు కలిసి ధూళికణమైపోతాయి. ఈ కణాలు చాలావరకు 2.5 మైక్రాన్లకంటె చిన్నవి. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు.

బ్రిటన్ ఈ సమస్యలో సగాన్నే చూస్తున్నదని నా అభిప్రాయం. లండన్‌లో సౌత్ సర్క్యులర్ రోడ్డు సమీపంలో నివసించిన తొమ్మిదేళ్ల ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా 2013లో తీవ్రమైన ఉబ్బసంతో మరణించింది. ఆ మరణానికి వాయుకాలుష్యమూ కారణమని 2020 డిసెంబరులో కరోనర్ నిర్ధారించారు. కాలుష్యం ఎక్కువగా వదిలే వాహనాలపై 2019లో నగరం నడిబొడ్డున మొదలైన రుసుము 2023లో లండన్ అంతటికీ విస్తరించింది. దానిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కాని ఈ దేశపు అమోనియాలో 80 శాతానికి పైగా వ్యవసాయం నుంచే వస్తుంది. దానిపై అంత పట్టుదల కనిపించదు. 2014 వసంతంలో లండన్‌ను మసక కమ్మినప్పుడు పత్రికలు సహారా ఇసుకను నిందించాయి. తరువాతి పరిశోధన అందులో ముఖ్యపాత్ర అమోనియం నైట్రేట్‌దని తేల్చింది. ఐరోపా పొలాల అమోనియా కూడా గాలివాటున వచ్చింది.

రైతును దోషిగా నిలబెట్టమని నేననడం లేదు. ఎరువు లేకుంటే పంట లేదు. అయితే పేడనీటి తొట్లకు మూతలు వేయవచ్చు. ఆ ద్రవాన్ని పైనుంచి చిమ్మక నేలలోకి దించవచ్చు. నెదర్లాండ్స్ 1990లలోనే ఈ పద్ధతులను చట్టంతో అమలుచేసింది. ఖర్చును రైతుపైనే మోపక ప్రభుత్వం పంచుకోవాలి. మన డెల్టా వరిమడుల్లోనూ నిలువ నీటిలో చల్లిన యూరియాలో కొంత అమోనియాగా లేచిపోతుంది. అక్కడది రైతుకు డబ్బు నష్టం, ఊరికి గాలి నష్టం.

రవాణా ఒక శాఖ, వ్యవసాయం మరొక శాఖ, ఆరోగ్యం ఇంకొక శాఖ. గాలికి ఈ విభజన తెలియదు. అన్నం పెట్టిన రసాయనానికి కృతజ్ఞత చూపుతూనే, దాని మిగులుకు బాధ్యత వహించక తప్పదు. హేగర్ పుస్తకాన్ని ఆ దృష్టితో చదవమని పాఠకులకు నా మనవి.