పెరటితోట : పేరు తెలియని తీగ

గడచిన శ్రావణమాసమున రేపల్లెలోని మా తోడికోడలి యింటికి బోయియుంటిని. పెరటిదడిమీద నొక తీగ యల్లుకొని, నిప్పుమంటలవంటి పువ్వులతో నుండెను. "అక్కయ్యా, నేను నాటలేదు, నీరు పోయలేదు. వానలు పడగానే తానే మొలచినది. పేరు మాత్రము మా వీధిలో నెవ్వరును జెప్పలేకున్నారు. నిఘంటువులు చదివినదానవు, నీవైనను జెప్పుము" అని యామె నన్ను బరీక్షకు నిలిపెను.

పువ్వుకంటె ముందు ఆకును జూడవలెనని నా యభిప్రాయము. ఈ తీగకు ఆకుకొనయే సన్నని నులితీగయై దడికంపను జుట్టుకొనుచున్నది. మల్లెకు గాని శంఖుపుష్పమునకు గాని ఇట్టి యాకు లేదు. పువ్వునకు ఱేకు లాఱు. అంచులు అలలవలె ముడుతపడి, పైకి విరిగి నిలిచియున్నవి. కేసరము లాఱును బండిచక్రపు టాకులవలె నలుదెసలకు జాగినవి. ఒకే తీగపై పచ్చనిది, పసుపువన్నెది, ఎఱ్ఱనిది గానవచ్చును. మూడును వేఱు పువ్వులు కావు, ఒకే పువ్వు ప్రాయమునుబట్టి వన్నె మార్చుకొనును.

కొమ్మ నొకదానిని తడిగుడ్డలో జుట్టి తెనాలికి దెచ్చి అమరకోశము విప్పితిని. వనౌషధివర్గమున లాంగలికి 'అగ్నిశిఖ' యని పేరు. లాంగల మనగా నాగలి. దీని దుంప రెండుగా చీలి నాగలివలె నుండును. అయితే కుంకుమపువ్వునకును 'అగ్నిశిఖ'మనియే అమరసింహుడు పేరిడెను! పేరొక్కటే నమ్మిన నెంత మోసము! కావున 1945లో నెలకొల్పబడిన బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుచున్న మా బంధువుల చిన్నవానికి గొమ్మను జూపించితిని. 'గ్లోరియోసా సుపర్బా' యని యాతడు తేల్చెను. మనవారు అడవినాభి యనియు, పొత్తిదుంప యనియు వాడుదురు. తమిళనాడునకు రాష్ట్రపుష్ప మిదియే; అచ్చట విత్తనములకై పొలములలో సాగుచేయుదురు. వానినుండి తీసెడి కొల్చిసిన్ అను మందును వైద్యులు కీళ్లవాతమునకు మిక్కిలి స్వల్పముగా నిత్తురు.

ఆ కొల్చిసినే విషము. తీగయంతటను గలదు, దుంపలో మఱింత. ఉడికించినను బోదు. తిన్న కొన్ని గంటలకే వాంతులు, విరేచనములు పట్టుకొని ప్రాణముమీదికి వచ్చును. గర్భిణులకు మఱియు నపాయము. వైద్యగ్రంథములు దీనికి 'గర్భనుత్' అని పేరిడుటయే సాక్షి. మంత్రసాని యెవరైన దీనిని మందని తెచ్చినచో గడపయే దాటనీయకుడు. పొరపాటున నోట బడినచో నింటివైద్యము వలదు. దుంపముక్కను గూడ దీసికొని వెంటనే ఆసుపత్రికి బోవలెను.

నాకు గుండె జల్లుమన్న దింకొకందులకు. వానలు వెనుకబడగానే ఈ తీగ ఎండి మాయమగును. దుంప మాత్రము మట్టిలో నుండును. మా తోడికోడలి దడిప్రక్కనే పెండలపు పాదు! పండుగకు ద్రవ్వునప్పుడు ఏది పెండలమో, ఏది అగ్నిశిఖయో యెవరు చూడవచ్చిరి? ఆ రాత్రియే ఉత్తరము వ్రాసితిని. తీగ పచ్చగా నుండగనే, దాని మొదలు గుర్తుపట్టి, చేతులకు గుడ్డ చుట్టుకొని దుంపలన్నియు ద్రవ్వించుమంటిని.

ఆమె మూడు దుంపలు తీయించినదట. "పువ్వులు పోయినవని పిల్లలు అలిగినారు. పెండలము మాత్రము ఈ యేడు బజారులోనే కొందును" అని జవాబు వ్రాసినది.