బతాకా మీది పుట్టినరోజు



కోనసీమలో గాని, కడప వైపు రాజంపేట, రాయచోటిలలో గాని కువైట్‌కు మనిషిని పంపని వీధి తక్కువ. విమానం ఎక్కించి వచ్చిన రాత్రి ఇంటిల్లిపాదీ "హమ్మయ్య, పని అయిపోయింది" అనుకుంటారు. కాగితాల పని అసలు మొదలయ్యేది అక్కడ దిగిన తర్వాతనే. ఆ సంగతి మనకెవరూ చెప్పరు. వెళ్ళినవారు కూడా ఫోనులో ఎండల గురించి, తిండి గురించి చెబుతారే గాని దీని గురించి చెప్పరు.

దిగిన కొద్ది రోజులలోనే మెడికల్ ఉంటుంది. రక్తం తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. క్షయ వంటి జబ్బు బయటపడితే తిరిగి పంపించివేస్తారు. తరువాత వేలిముద్రలు. ఆ తరువాత అకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి. ఇంటిపనికి వెళ్ళినవారిది 20 నెంబరు, కంపెనీ పనికి వెళ్ళినవారిది 18 నెంబరు. ఒక నెంబరు మీద వెళ్ళి మరొక నెంబరు పని చేస్తే అది నేరమే. చివరకు చేతికి వచ్చేది సివిల్ ఐడి కార్డు. మనవాళ్ళు దానిని బతాకా అంటారు.

ఇవన్నీ తిప్పేది కఫీల్, లేదా అతని మనిషి. మన పిల్ల చేసేదేమున్నది? అరబ్బీ అక్షరం రాదు. కూర్చోమన్న చోట కూర్చుంటుంది, వేలు పెట్టమన్న చోట పెడుతుంది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోకి పోతుంది. 2015లో వచ్చిన 68వ నెంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారి పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. చట్టం ఉన్నది. బీరువా తాళం మాత్రం చాలా ఇళ్ళలో మామ నడుముననే ఉంటుంది.

పూర్వం అకామా పాస్‌పోర్టులో అంటించేవారు. 2019 మార్చి నుండి ఆ స్టిక్కరు తీసివేశారు. ఇప్పుడు అంతా బతాకాలోనే. ఆసుపత్రి, బ్యాంకు, సిమ్ము, ఇంటికి డబ్బు పంపడం, అన్నింటికీ దాని మీది 12 అంకెలే. ఆ అంకెలు ఊరకనే వేసినవి కావు. మొదటి అంకె శతాబ్దానికి గుర్తు, 1900లలో పుట్టినవారికి 2, తరువాత పుట్టినవారికి 3. దాని వెనుక ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ.

ఇక్కడే నా సంగతి ఒకటి చెప్పాలి.

మా ఊరిలో నాకు వరుసకు చెల్లెలయ్యే పిల్ల ఒకతె 2009లో కువైట్ వెళ్ళింది. చదువు ఏడవ తరగతితో ఆగిపోయింది. పదవ తరగతి పాసు కాని స్త్రీలను 30 ఏండ్లు నిండనిదే గల్ఫ్‌లో ఇంటిపనికి మన ప్రభుత్వం పంపనివ్వదు. ఆమెకు అప్పటికి 23 ఏండ్లు. ఏజెంటు "ఏముందమ్మా, చిన్న మార్పు" అన్నాడు. పాస్‌పోర్టులో 1978 జూలై 1 పడింది. సంఘ రిజిస్టరు మా ఇంట్లోనే ఉంటుంది. 1985 డిసెంబరు 9 అని మా మామగారి చేతివ్రాత ఉన్నది. నాకు తెలుసు. వారి ఇంటి అప్పు కూడా తెలుసు. ప్రయాణానికి ముందు ఆమెను కూర్చోబెట్టి ప్రార్థన చేసి పంపించాము. తేదీ ఊసు నేను ఎత్తలేదు, ఆమె తల్లీ ఎత్తలేదు.

ఆ జూలై 1 ఆమెతో పాటు విమానం దిగింది. మెడికల్ కాగితంలో, వేలిముద్రల దగ్గర, బతాకాలో 2780701 అయి కూర్చున్నది. ఇక్కడ ఆధార్‌లో 1985. పాస్‌పోర్టులో 1978. మొన్న సెలవుకు వచ్చినప్పుడు బ్యాంకులో గుమాస్తా రెండూ ప్రక్క ప్రక్కన పెట్టి, "ఇద్దరిలో మీరెవరమ్మా?" అన్నాడట. నవ్వులాటకే అన్నాడు గాని ఆ పిల్ల ఇంటికి వచ్చి ఏడ్చింది.

పాస్‌పోర్టులో దిద్దించవచ్చు, పుట్టిన సర్టిఫికెట్టు కావాలి. కాని అప్పుడు అక్కడి కార్డుతో తేడా వస్తుంది. అక్కడ దిద్దాలంటే కఫీల్ కదలాలి. కొత్త పాస్‌పోర్టుతో కొత్త మనిషిలా వెళదామంటే వేలిముద్రలు పాతవే కదా. 2024లో అక్కడ నివసించే వారందరి దగ్గర మళ్ళీ బయోమెట్రిక్ కూడా తీసుకున్నారు.

అమ్మలారా, అయ్యలారా, మీ ఇంటి నుండి ఎవరైనా అక్కడ ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా కాగితం, పని ఒప్పందం, బతాకా రెండు వైపులా జిరాక్సు తీయించి ఇంట్లో పెట్టండి. గోడ క్యాలెండరు మీద నెంబరు వ్రాసేవారున్నారు. జనవరి రాగానే ఆ క్యాలెండరు పొయ్యిలోకి పోతుంది! 2018లో, 2024లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు పాస్‌పోర్టు లేనివారు ఇండియన్ ఎంబసీలో ఔట్‌పాస్ తీసుకోవలసి వచ్చింది. అది ఇవ్వాలంటే ముందు మన దేశస్థుడని తేలాలి. అటువంటప్పుడు ఇంట్లోని ఒక్క జిరాక్సు కాగితం ఎంతో పని చేస్తుంది. ఇంకా వెళ్ళనివారైతే, పేరు, ఇంటిపేరు, తేదీ, అన్ని కాగితాలలో ఒక్కలాగే ఉన్నాయో లేదో ఏజెంటు చూడక ముందు మీరే చూడండి. ప్రభుత్వం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలది. అటువంటి డబ్బు చేతికి రావాలన్నా, వారసుల పేర్లు సరిపోవాలి.

పోయిన ఆదివారం రాత్రి ఆ చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, రిజిస్టరులో నా పేజీ ఫోటో తీసి పంపుతావా?" అన్నది. దేనికని అడిగాను. "దేనికీ కాదు, మామా వాళ్ళు ప్రతి జూలైలో కేకు కోయిస్తున్నారు" అన్నది. దీపం దగ్గరగా పెట్టి ఆ పేజీ ఫోటో తీసి పంపాను. సర్టిఫికెట్టు కోసం పంచాయతీ ఆఫీసుకు ఆమె తల్లితో కలిసి బుధవారం వెళుతున్నాను. అప్పుడు నోరు మెదపని ఇద్దరమే.