నవ్వు ఎవరి మీద?

హాస్టల్ టీవీ గదిలో ఆదివారం సినిమా అంటే మాకు పండగే. వార్డెన్ గారు వస్తారేమోనని తలుపు దగ్గర ఒకడిని కాపలా పెట్టి మరీ చూసేవాళ్లం. ఆ సినిమాల్లో హీరో ఏ ఊరివాడైనా పుస్తకాల తెలుగే మాట్లాడేవాడు. పనిమనిషో, వాచ్‌మనో, పాలేరో తెర మీదికి రాగానే "ఏటి బావూ", "నానెల్లొస్తాను" అంటూ మన యాస వినిపించేది. గదంతా నవ్వులు. మేమూ నవ్వాం. అమ్మ మాట్లాడే మాటకే నవ్వుతున్నామని అప్పట్లో తట్టలేదు.

పీజీలో చేరాక తట్టింది. మొదటి రోజు పరిచయాల్లో మాలో ఒకడు లేచి, "మాది పలాస కాడ పల్లె సార్, మాయమ్మ జీడిపిక్కల పనికి ఎల్తాది" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ సాయంత్రం నుంచి మేం ప్రతి మాటా తూచి మాట్లాడటం నేర్చుకున్నాం. సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ, "ఏటిరా, సుట్టాలోడిలా మాటాడతన్నావు?" అంది. చదువు సంపాదించి మాట పోగొట్టుకున్నామా అనిపించింది.

మిత్రులారా, హాస్యం తప్పని మేం అనడం లేదు. 1897లో అచ్చయిన గురజాడ వారి 'కన్యాశుల్కం' మన పక్కనున్న విజయనగరం వాడుక మాటల్లోనే నడిచింది. అందులో నవ్వంతా గిరీశం కోతల మీద, డబ్బుకు ఆడపిల్లలను అమ్మే పెద్దల మీద. యాస మీద కాదు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అలాంటి గడ్డ మాట సినిమాలో పాలేరుకే ఎందుకు మిగలాలి?

మార్పు రాలేదని కాదు. 2020 మార్చిలో కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' వచ్చింది. అందులో హీరోయే మన యాసలో మాట్లాడాడు, కులం గురించి నిలదీశాడు. అంతలోనే లాక్‌డౌన్ పడింది. నలుగురం ఒక్క ఫోన్ ముందు కూర్చుని చూశాం. ఎవరమూ నవ్వలేదు. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన జిల్లా మత్స్యకారుల కథతో 2025 ఫిబ్రవరిలో 'తండేల్' వచ్చింది. నాగచైతన్య, సాయిపల్లవి పలికిన కొన్ని మాటలు మన చెవికి అతకకపోవచ్చు. అయినా ఈ యాసలో ప్రేమా దుఃఖమూ కూడా చెప్పవచ్చని ఊరూరా తెలిసింది.

కామెడీ షోలు మన కుర్రాళ్లకు అన్నం పెట్టాయి కదా అని కొందరు సీనియర్లు అంటారు. నిజమే. 'జబర్దస్త్'తో మన జిల్లా షకలక శంకర్ పేరు తెచ్చుకున్నారు. మన కష్టాన్ని మనమే చెప్పుకుని నవ్వుకోవడం వేరు, మన నోటిని చూసి ఎదుటివాడు నవ్వడం వేరు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మందస కొండల నుంచి వచ్చిన సవర తమ్ముడు తెలుగు తడబడితే మేమే వెక్కిరించాం. గిడుగు వారు సవర భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. మేం అతని భాషలో ఒక్క మాటైనా అడగలేదు.

ఇంటర్వ్యూకు పుస్తకాల తెలుగూ ఇంగ్లీషూ కావాలి. నేర్చుకుందాం. కానీ ఇంటి మాటను గుమ్మం బయట వదిలి వెళ్లనక్కర్లేదు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. రీల్సు చూసే సమయంలో పది నిమిషాలు తీసి అప్పమ్మల పాటలు, సామెతలు, ఉద్దానం తోటల కబుర్లు రికార్డు చేద్దాం. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఒక నాటిక మన యాసలోనే ఆడదాం. అందులో హీరో కూడా మన మాటే మాట్లాడాలి.