సమాధి, సమాధానం

తెలుగు బైబిలు చదివే ఇళ్ళలో ‘సమాధానం’ అంటే జవాబు కాదు, శాంతి. తక్కిన తెలుగువారికి ఆ అర్థం కొంత వింతగా తోచవచ్చు. సంస్కృతంలో సమాధానమూ సమాధీ ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. 2020 నాటి ఈస్టరును తలచుకొన్నప్పుడల్లా నాకివి జంటగానే స్ఫురిస్తాయి.

ఆ ఏడు పండుగ ఏప్రిల్ 12న వచ్చింది. లాక్‌డౌన్‌ను నెలాఖరు వరకు పొడిగిస్తున్నట్లు తెలంగాణ ప్రభుత్వం ముందురోజే ప్రకటించింది. మందిరాలన్నీ మూతబడ్డాయి. మన పల్లెల్లో ఈస్టరంటే తెల్లవారుజామే కదా! సమాధులకు సున్నం వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి, సూర్యోదయ ఆరాధనకు నిలబడడం. ఆ భాగ్యమూ లేకపోయింది.

“ఈసారి పండుగ లేదు” అన్నారు చాలామంది. విశ్వాసముంటే రోగం దరిచేరదన్న బోధలూ వినవచ్చాయి. రెంటితోనూ నేను ఏకీభవించలేను. యోహాను సువార్త చెప్పే తొలి ఈస్టరు సాయంకాలం ఎలాంటిది? శిష్యులు భయంతో తలుపులు మూసుకొని ఉన్నారు. యేసు వారి నడుమ నిలిచి మొదట పలికినది సమాధానం, వెంటనే చూపినవి గాయాలు. బయట ప్రమాదం తొలగిందని ఆయన అనలేదు. ఎనిమిది దినాల తరువాత కూడా ఆ తలుపులు మూసే ఉన్నాయట! ఎంతో నిజాయితీ గల వివరమిది. భయం పోయాక వచ్చిన శాంతి కాదది, భయం ఉండగానే వచ్చినది.

సిద్దిపేట జిల్లాలోని రాయపోల్ 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలోనిదే. ఈ ప్రాంతానికంతటికీ పెద్ద చర్చి మెదక్‌లోనిదే. కరవు బాధితులకు పనీ తిండీ కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో ఆరంభించిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. భారతదేశంలో కోటి మందికి పైగా బలిగొన్న 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఆ నిర్మాణకాలంలోనే వచ్చిపోయింది. అక్కడి మూడు రంగుటద్దాల కిటికీలలో క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం కనిపిస్తాయి. పునరుత్థాన ఘట్టానికంటూ వేరే కిటికీ లేదు. (సువార్తలూ ఆ క్షణాన్ని వర్ణించవు. చూచినవారెవరూ లేరు మరి.) ఎవరూ లేని చీకటిలో జరిగిన దానిని, ఎవరూ రాలేని ఏడాది జరుపుకోలేమనడం ఎలా?

2021లో ఈస్టరు ఏప్రిల్ 4న వచ్చింది. కొద్ది వారాలకే రెండవ విడత విరుచుకుపడింది. ఆఖరిచూపుకైనా నోచుకోనివారు ఎందరో. “మావాళ్ళే ఎందుకు పోయారు?” అన్న ప్రశ్నకు ఏ బోధకుడి దగ్గరా జవాబు లేదు. ఉందన్నవారిని నేను నమ్మను. ఆంక్షలు తొలగాక మాత్రం, పూడ్చిననాడు పిడికెడు మట్టి వేయలేకపోయిన సమాధుల దగ్గరకు, ఈస్టరు వేకువన కొవ్వొత్తులతో ఆ మనుషులే మళ్ళీ నడిచి వెళ్ళారు.